గుమ్మడికాయకు ఉన్ని ఎంత?

వాటిల్ క్రీక్, మార్చి 3

టిల్డాకు నానమ్మ దీవించి రాయునది.

నువ్వు చేసిచ్చిన కంప్యూటర్ ప్రోగ్రాములో మన ఊరి పంటల, పశువుల ప్రదర్శనకు వచ్చిన రెండు వందల పద్నాలుగు ఎంట్రీలూ ఎక్కించాను. నూట ఆరో దాని దగ్గర ఆగిపోయింది. అది మన పక్కింటి డల్సీ తెచ్చిన గుమ్మడికాయ. కార్డు మీద మాత్రం 'పొట్టేళ్ల తరగతి' అని ఉంది. గడువు దాటాక కార్డు దిద్దకూడదన్నది నియమం. ప్రదర్శన నాడు, శనివారం ఒంటిగంటకల్లా ఫలితాలు రాకపోతే నా కార్యదర్శి పని తన అల్లుడికి ఇస్తానని అధ్యక్షుడు లిండ్సే అందరి ముందూ అన్నాడు. కనుక గుమ్మడికాయను పొట్టేలుగా చూడమని ప్రోగ్రాముకు గట్టిగా చెప్పు.

నానమ్మ మేవిస్

తా.క. ఆ అల్లుడు నిరుడు మేకను చూసి గొర్రె బాగుందన్నాడు.

హోబర్ట్, మార్చి 5

నానమ్మకు టిల్డా నమస్కారాలు.

ప్రోగ్రాముకు మొదట అన్నీ ఉత్త వస్తువులే. ఏది ఏ తరగతో నేను ముందుగా రాయలేదు. నడుస్తుండగానే కార్డు చదివి, వస్తువును ఆ తరగతిదిగా తీసుకుని, ఆ తరగతి ప్రశ్నలు అడుగుతుంది. అలా తీసుకున్నంత మాత్రాన వస్తువు మారిపోదుగా! ఉన్ని ఎంత అంటే గుమ్మడికాయ ఏం చెబుతుంది? "నువ్వు నిజంగా పొట్టేలువేనా?" అని ముందే అడిగే లైను ఒకటి ప్రోగ్రాములో పెడతాను. కాకపోతే పక్కన పెట్టేస్తుంది.

నీ టిల్డా

తా.క. కార్డు మీద 'నానమ్మ' అని రాసి నాకు తగిలించినా నాకు కేకు చేయడం రాదు.

వాటిల్ క్రీక్, మార్చి 7

టిల్డాకు,

ముప్పై ఒక్క ఏళ్లలో నేను ఏ ఎంట్రీనీ పక్కన పెట్టలేదు. ఆ ప్రశ్న అక్కర్లేదు. జవాబు లేనిచోట సున్నా వేసుకుని ముందుకు సాగమను. పొట్టేలు వయసు చెప్పే దంతాల కోసం నేనే గుమ్మడికాయను నాలుగు వైపులా తిప్పి చూశాను. లేవు. అంటే వయసు తక్కువని అర్థం.

నానమ్మ

తా.క. దిద్దిన ప్రోగ్రామును శుక్రవారం బస్సుకు పంపకపోతే నేనే హోబర్ట్ వస్తాను.

హోబర్ట్, మార్చి 11

నానమ్మకు,

పంపుతున్నాను. ఇక అది దేని దగ్గరా ఆగదు. నేను భయపడుతున్నదీ అందుకే.

టిల్డా

తా.క. దయచేసి రావద్దు. ఇల్లు సర్దలేదు.

వాటిల్ క్రీక్, మార్చి 15

టిల్డాకు,

పన్నెండు నలభైకే ఫలితాలు వచ్చేశాయి! పొట్టేళ్లలో డల్సీ గుమ్మడికాయకు మూడో స్థానం. ఉన్ని సున్నా, కానీ నడవడికకు నిండు మార్కులు. తన్నలేదు, అరవలేదు.

తర్వాత గుమ్మడికాయల ఫలితం చదివాను. ఆ తరగతిలో ప్రోగ్రాము అడిగేది బరువొక్కటే. తొంభై ఆరు కిలోలతో మొదటి బహుమతి లిండ్సే పొట్టేలుకు! రెండు కార్డులూ తారుమారుగా రాసింది నేనే, తప్పు నాదే. మొదటి బహుమతికిచ్చే నీలం రిబ్బను పట్టుకుని లిండ్సే నా బల్ల దగ్గరకు వచ్చాడు. పని పోయిందనుకుని కార్యాలయం తాళాలు బల్ల మీద పెట్టాను.

"మేవిస్, ఈ ఫలితం మార్చే వీలుందా?" అన్నాడు మెల్లగా.

నియమం ప్రకారం లేదన్నాను.

"హమ్మయ్య. ఇరవై రెండేళ్లుగా పొట్టేళ్లను తెస్తున్నాను, ఎప్పుడూ ఏమీ రాలేదు. తాళాలు నీ దగ్గరే ఉంచు."

ఇంకా కార్యదర్శినే,
నానమ్మ

తా.క. వచ్చే ఏడాదికి ఇప్పుడే పేరు ఇచ్చి వెళ్లాడు. అదే పొట్టేలు, గుమ్మడికాయల తరగతి. నేను వద్దన్న ఆ 'నువ్వు నిజంగా అదేనా?' ప్రశ్న వెంటనే పెట్టు.