తొమ్మిది వందల అరవై కుర్చీలు

సూళ్లూరుపేట,
జూన్ 3

ఆర్కిటెక్టు విజయభాస్కర్ గారికి, స్త్రీల సమాజం కార్యదర్శి అబిగయీలు వందనాలతో రాసేది.

స్టేషను పక్కన కట్టబోయే సాంస్కృతిక భవనానికి ప్లాను గీస్తున్నానని, మా ప్రార్థన కూడికలకు ఎంతమంది వస్తారో చెప్పమని మొన్న మా ఇంటికి వచ్చి అడిగారు. నోటితో చెప్పిన అంకె నిలవదు గనుక ఉత్తరం రాస్తున్నాను. హాజరు పుస్తకం ఇరవై ఏళ్లుగా నా దగ్గరే ఉంది. మే నెలలో ఇళ్లలో ఇరవై నాలుగు కూడికలు జరిగాయి. మొత్తం హాజరు తొమ్మిది వందల అరవై. రెండుసార్లు కూడి చూశాను.

ఇట్లు,
అబిగయీలు

తా.క. మా ఆయన హెబ్రోను రోజూ రైల్లో చెన్నై పోయి వస్తారు. భవనం కడితే అందులో నిద్రపోతానంటున్నారు. ఆయన్ని కలపలేదు.

---

నెల్లూరు,
జూన్ 9

గౌరవనీయులైన అబిగయీలు మేడమ్ గారికి నమస్కారం.

ఊళ్లో ఎవరినడిగినా "చానామంది వస్తారు" అన్నారే గానీ, అంకె ఇచ్చింది మీరొక్కరే. హాలుకు తొమ్మిది వందల అరవై కుర్చీలు ఖాయం చేశాను. స్థలం చాలక, స్టేషను గోడ వెంట చేపల గంపలు పెట్టుకునేవాళ్లను హైవే అవతలికి మార్చాల్సి వస్తోంది. ఇంతమంది కోసమంటే ఎవరూ కాదనరు.

భవదీయుడు,
విజయభాస్కర్

తా.క. నివేదికలో మీ ఉత్తరాన్నే మొదటి పేజీగా పెట్టాను.

---

సూళ్లూరుపేట,
జూన్ 14

విజయభాస్కర్ గారికి అబిగయీలు వందనాలు.

కుర్చీల సంగతి మళ్లీ ఆలోచించండి. మా ఆడవాళ్లు చాపల మీదే కూర్చుంటారు. కూడిక మొదలయ్యేసరికి సగంమంది రారు కూడా. చిన్న హాలు చాలదా?

రొయ్యలమ్మే మాలకొండమ్మ నిన్న వచ్చింది. సాయంత్రం రైలు దిగేవాళ్లే ఆమెకు బేరం. హైవే దాటి ఎవరు పోతారు? "ఆ తొమ్మిది వందలమంది ఏ వీధిలో ఉండారక్కా? అంతమందుంటే నా గంపలో రొయ్య మిగలదు గదా" అని అడిగింది. కాఫీ పెడతానని నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇట్లు,
అబిగయీలు

తా.క. మూడు రోజులుగా కూరల్లో ఉప్పు తప్పుతోందని మా ఆయన అంటున్నారు. దానికీ దీనికీ సంబంధం లేదు.

---

నెల్లూరు,
జూన్ 20

అబిగయీలు మేడమ్ గారికి నమస్కారం.

మంచి సలహా ఇచ్చారు. కుర్చీ కన్నా చాపకు ఎక్కువ చోటు కావాలి గనుక హాలును మూడో వంతు పెంచాను. ఆలస్యంగా వచ్చే సగంమందికి, అంటే నాలుగు వందల ఎనభై మందికి, వేరే వరండా గీశాను. దీంతో ఆటోస్టాండు కూడా పోతుంది. వచ్చే నెల మొదటి సోమవారం ముగ్గు పోసి హద్దులు గీయిస్తాను. ఆ రోజుకు చేపలవాళ్లు ఖాళీ చేయాలి.

భవదీయుడు,
విజయభాస్కర్

తా.క. శిలాఫలకం మీద మీ పేరు వేయిస్తున్నాం. ఫోటో ఉంటే పంపండి.

---

సూళ్లూరుపేట,
జూన్ 23

విజయభాస్కర్ గారికి, మొహం చూపించలేక అబిగయీలు రాసేది.

మేము నలభైమందిమి. ఈ రోజు రెబెక్కమ్మ ఇంట్లో, రేపు ఎలిశబెతు ఇంట్లో, ఎల్లుండి మా ఇంట్లో కూడుకుంటాం. ఇల్లు మారుతుంది గానీ మనుషులు మారరు. ఆ నలభైమందినే ఇరవై నాలుగు రోజులకూ కూడి మీకిచ్చాను. నెలాఖరుకు అలా కూడి పాస్టరు గారికి ఇవ్వడం అలవాటు.

మీ మొదటి ఉత్తరం చదవగానే నాకు తెలిసిపోయింది. అప్పుడే చెప్పవలసింది. "అబిగయీలక్క లెక్క తప్పదు" అని అందరూ అంటుంటే ఇన్నేళ్లూ తల వంచుకుని లోపల సంతోషపడినదాన్ని. ఆ పేరు పోతుందని చాపలన్నాను, ఆలస్యమన్నాను. నా పేరు కోసం మాలకొండమ్మ చోటు పోగొట్టబోయాను.

ముందు ఆమె దగ్గరికే వెళ్లి చెప్పాను. గంపలో రొయ్యలు సర్దుతూ అంతా వింది. తర్వాత, "నలభైమందేనా? రెబెక్కమ్మొక్కతే నూరుమంది పెట్టు గదక్కా. నువ్వు తగ్గించే చెప్పినావు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

సిగ్గుతో,
అబిగయీలు

తా.క. ఫలకం మీద నా పేరు వద్దు. ఫోటో అసలే వద్దు.

---

నెల్లూరు,
జూన్ 28

అబిగయీలక్కకు విజయభాస్కర్ నమస్కరించి రాసేది.

మీ ఉత్తరం చదివి ముందు కోపం వచ్చింది. తొమ్మిది వందల ఇరవై మందిని కొట్టేసి కొత్తగా గీశాను. అయినా భవనం చేపల గంపల దాకా వచ్చింది. ఎందుకంటే, రోజూ చెన్నై పోయి వచ్చే పద్దెనిమిది వందల మందికని పైన ఒక అంతస్తు, కింద వాళ్ల బళ్లకు చోటు ఉన్నాయి. ఈ అంకె ఎవరిచ్చారో చూద్దామని ఫైలు తీశాను. నేనే. ఆరు సాయంత్రాలు ప్లాట్‌ఫారం మీద నిలబడి, దిగేవాళ్లను ఎంచి, ఆరు రోజుల లెక్కలనూ కలిపేశాను.

మీరు చెప్పకపోతే ఆ ఫైలు తీసేవాణ్ణి కాదు. ఇప్పుడు ప్లానులో ఒక హాలు, ఒక చదువుకునే గది, ఒక వరండా ఉన్నాయి. గంపలు ఉన్నచోటే ఉంటాయి. మాలకొండమ్మ గారికి ఆ మాట మీరే చెప్పండి. నాకు మొహం చెల్లడం లేదు.

మీ తమ్ముడు,
విజయభాస్కర్

తా.క. ఆరో సాయంత్రం ఒకాయన మెట్ల దగ్గర ఆగి, "ఏం సార్, రోజూ మమ్మల్నే ఎంచుతా ఉండారు, ఎవరన్నా తప్పిపోయినారా?" అని అడిగాడు. లెక్క చెడుతుందని జవాబు చెప్పకుండా, ఆయన్నీ వేసుకున్నాను.