లెక్కలోకి రాని సరవ్వ

అన్నకు దండం పెట్టి, లండన్ నుంచి నీ చెల్లె విజయ రాస్తున్నది.

అవ్వ, వదిన, పిల్లలు అందరూ మంచిగ ఉన్నారని అనుకుంటున్నాను. అవ్వ దగ్గు తగ్గిందో లేదో పోయిన ఉత్తరంలో నువ్వు రాయలేదు. నువ్వు రాయకపోతే నాకు పరేషాన్. నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, పడుకుంటున్నాను, ఫికర్ చెయ్యొద్దని అవ్వకు చెప్పు. ఇంతవరకే ఆమెకు చదివి వినిపించు. మిగతాది నీకే.

ఇక్కడ పదిరోజులుగా ఒకటే ముసురు. మన వానలాగ గట్టిగా కురిసి వెళ్ళిపోదు, మనిషిని నానబెడుతూనే ఉంటుంది. నాలుగు రోజులైంది అన్నం వండుకోక. వదిన చేసే పచ్చి పులుసు గుర్తొచ్చి చింతపండు తెచ్చుకున్నాను. ఒక్కదాని కోసం పిసకబుద్ధి కాక అట్లాగే ఉంచాను.

నా పుస్తకం సంగతి నీకు తెలుసు కదా. పల్లెల్లో కాన్పులకు ఎంత ఖర్చవుతున్నది, తల్లులు ఎక్కడ ఎక్కువ పోతున్నారు, సర్కారు డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ ప్రాణాలు దక్కుతాయి అన్నది. మన సరవ్వ అత్తగారి ఊరు జైనూర్ నుంచి తొలి కాన్పుకు మనింటికి వచ్చి, మన వెనక గదిలో రక్తం ఆగక కడుపులోని పిల్లతో సహా పోయిన తర్వాతే నేను ఈ పని పట్టుకున్నాను. ఇక్కడ ఆ పుస్తకాన్ని మెచ్చుకోనివాళ్ళు లేరు. ఏయే దేశాలవాళ్ళో తమ వ్యాసాల్లో నా పేరు రాసుకుంటున్నారు. మా ప్రొఫెసర్ నాతో కేకు కోయించాడు. సిగ్గులేకుండా నవ్వుకుంటూ తిన్నాను.

పోయిన నెల ఊళ్ళలో మనుషులను పెట్టి నింపించిన కాగితాలు పెట్టెల్లో వచ్చాయి. అంతకుముందు నేను చూసింది వాటి మొత్తాలే. చొప్పదండి కట్ట విప్పితే మన ఇంటి కాగితం దొరికింది, కింద నీ సంతకంతో. కాన్పులో చావులు అన్నచోట సున్నా. పక్కన, కాగితం నింపిన పిల్లవాడు నీ మాటను ఉన్నదున్నట్టు రాసుకున్నాడు: "ఆడబిడ్డను ఇచ్చేసినం. గామె గా ఇంటి మనిషి. మా ఇంట్ల ఎవ్వలు పోలే."

గబగబా జైనూర్ కట్ట తీశాను. బావ వాళ్ళ నాయన చెప్పింది ఇది: "కోడలు తల్లిగారింటికి పోయింది. మా ఇంట్ల ఏం కాలే."

నిన్ను అనడం లేదన్నా. ఆయననూ అనడం లేదు. "ఈ ఇంటి మనుషుల్లో కాన్పుతో ఎవరైనా పోయారా" అని ప్రశ్న రాసింది నేను. పెళ్ళి చేసి పంపిన పిల్లను తల్లిగారింట్లో ఇంటి మనిషిగా చెప్పరని చొప్పదండిలో పుట్టిన నాకు తెలియదా? ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులోకి మార్చిన బుద్ధి నాది. నా తల పగలగొట్టుకోవాలనిపించింది.

సరవ్వ ఒక్కతే కాదు. జైనూర్ లాంటి గుట్టల ఊళ్ళ కాగితాల్లో ఎక్కడ చూసినా "కోడలు తల్లిగారింటికి పోయింది" అనే ఉంది. పోయిన మనిషి తిరిగి వచ్చిందా అని అడగమని నేను ఎక్కడా రాయలేదు. అందుకే నా పుస్తకంలో ఆ గుట్టల్లో తల్లుల చావులు తక్కువ. అది నమ్మి సర్కారువాళ్ళు జైనూర్‌లో కాన్పుల గదికి తాళం వేశారు, నర్సమ్మను వేరే ఊరికి మార్చారు.

తప్పు నాదని వాళ్ళ ఆఫీసుకు రాశాను. ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. మీ పరిశోధన ఆధారంగానే నిర్ణయం తీసుకున్నామని, నా పుస్తకంలోని వాక్యాలనే నాకు రాసి పంపారు. నా మాటను నా మాటతోనే కొట్టారు. ప్రొఫెసర్‌కు చెబితే, ఒక ఇంటి తప్పుతో పుస్తకం తప్పు కాదు, తొందరపడి పేరు చెడగొట్టుకోవద్దన్నాడు. సవరణ రాసి పంపాను. అది ఎప్పుడు అచ్చవుతుందో, అచ్చయినా ఎవరు చదువుతారో. అప్పటిదాకా ఆ ఊళ్ళ ఆడవాళ్ళు నిండు కడుపులతో బస్సులెక్కాల్సిందే. నేను చేసిన మేలు ఇది. ఇంత చదువు ఎందుకు చదివానా అనిపిస్తున్నది. ఇక్కడ ఎవరితో చెప్పుకోను? చెప్పినా తల్లిగారిల్లు అంటే ఏమిటో ముందు వాళ్ళకు చెప్పాలి.

వదినను అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు. అవ్వ కాళ్ళకు నా బదులు నువ్వు దండం పెట్టి, నన్ను దీవించమను.

ఒక్క పని చెయ్యి. ఆ కాగితాలను మళ్ళీ మొదటినుంచి నింపుతున్నాను. మొదటిది సరవ్వదే. చావు జరిగిన ఇంటి యజమాని పేరు రాయాల్సిన చోట చెయ్యి ఆడడం లేదు. అటు వాళ్ళు మా ఇంట్లో కాదన్నారు, ఇటు నువ్వు మా మనిషి కాదన్నావు. ఎవరి పేరూ రాయకపోతే ఆమె మళ్ళీ లెక్కలోకి రాదు.

నీ పేరు రాయనా అన్నా? జర తొందరగా చెప్పు.

నీకు మిగిలిన చెల్లె,
విజయ