చెరపని గుర్తు

అమీర్‌పేట

రజితక్కకు,

తమ్ముడు వేణు దండాలు. నువ్వు, బావ, అమ్మ బాగున్నారు కదా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను. పెదవికి మూడు కుట్లు పడ్డాయి, ఒక పన్ను కదులుతోంది. భయపడకు, నిజంగా బాగున్నాను. పెరుగన్నం మెత్తగా పిసుక్కుని తింటున్నాను.

ఇంటర్వ్యూకి ఎంపికయ్యానని ఫోన్‌లో చెప్పాను చూడు, అది నిజం కాదక్కా. పంజాగుట్ట కంపెనీకి ఎవరెవరిని పంపాలో తేల్చే ప్రోగ్రాం మా కోచింగ్ సార్ నాచేతే రాయించారు. మేం నేర్చుకునే అబాప్ పాత కంప్యూటర్ భాష. అందులో నిజమంటే ఒక ఇంటూ గుర్తు, అబద్ధమంటే ఉత్త ఖాళీ. ఎంత చక్కని ఊహ! పరీక్షలో అరవై దాటితే గుర్తు పెట్టమని రాశాను. దాటకపోతే చెరపమని రాయలేదు. ఒకడికి పెట్టిన గుర్తు అలాగే ఉండిపోయి, జాబితాలో వాడి కింద ఉన్నవాళ్లందరూ పాసైపోయారు.

రెండు రోజులకు తప్పు కనిపించింది. ఇప్పుడు ప్రోగ్రాంలో ఒక్క వరుసే: అరవై దాటిందా అన్న ప్రశ్నకు జవాబు నేరుగా ఆ గుర్తు ఉండే గడిలో పడుతుంది. పాతది మిగలదు. సార్‌కు చెప్పాను. కొత్త జాబితాను నా రూమ్మేట్ రాజు గోడకు అంటించాడు.

కొత్త జాబితాలో పేరు లేకుండా పోయిన మా బ్యాచ్ శ్రీకాంత్ ల్యాబ్‌లోకి వచ్చి రాజు కాలర్ పట్టుకున్నాడు.

"నా పేరు తీసింది నువ్వేనారా? ఎంపికైనని ఇంట్ల సుత చెప్పిన!" అంటూ రాజు తలను బల్లకేసి కొట్టాడు. కీబోర్డు బటన్లు ఊడి నేల మీద దొర్లాయి.

"నాకేం తెల్వదు భాయ్! అంటించిన, గంతే!"

నేను రెండడుగుల దూరంలో మౌస్ పట్టుకుని కూర్చున్నాను. మూడో దెబ్బకు రాజు ముక్కు పగిలింది. అప్పుడు గానీ నేను లేవలేదు.

"వాణ్ని వదులన్నా. ప్రోగ్రాం రాసింది నేను. తీసింది నేనే."

పిడికిలి నా నోటి మీద పడింది. కింద పడ్డాక పక్కటెముకల్లో తన్నాడు. "నీ పేరు మాత్రం మంచిగ ఉంచుకున్నవ్!"

"పోయి చూడు," అన్నాను నెత్తురు ఉమ్మి. "నాకు యాభై ఏడే వచ్చినయ్."

అతను గోడ దగ్గరికెళ్లి జాబితా అంతా వేలితో రెండుసార్లు వెతికాడు. తిరిగొచ్చి మళ్లీ చెయ్యెత్తాడు, దించేశాడు. "పిస్సోనివారా నువ్వు? గా ముక్క ముందే చెప్పొద్దా?" అని మా ఇద్దరినీ తన బండి మీదే ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

రాజు ఇంకా నాతో మాట్లాడటం లేదు. మొదటి దెబ్బకే నేను లేవాల్సింది.

ఎంపిక కాలేదని అమ్మకు నువ్వే చెప్పు. కుట్ల సంగతి మాత్రం వద్దు. బావను అడిగానని చెప్పు, అమ్మ పాదాలకు నా దండాలు. మళ్లీ పరీక్ష రాస్తాను, మీ దీవెన ఉంటే చాలు. ఎవరైనా ఇటు వస్తుంటే సర్వపిండి పంపు, రాజుకు ఇష్టం. తీసుకుంటాడో లేదో తెలియదు, అయినా పంపు.

నీ తమ్ముడు
వేణు