చుక్క ఫైళ్లు

జూన్ 3
కింది వీధి టైలరమ్మ, వాళ్లక్క వాడిన పాత మ్యాక్‌ని నా కంప్యూటర్ల షాపుకి మోసుకొచ్చింది. అక్క పోయి తొమ్మిదేళ్లట. వైరు దొరక్క అప్పటినుంచీ దాన్ని తెరవనేలేదట. అందులో కుట్టు డిజైన్లు, పదకొండు సౌండ్ ఫైళ్లు ఉన్నాయి. అన్నీ విండోస్‌లో తెరుచుకునేలా మార్చివ్వాలి. పొద్దున్నే తనని నిద్రలేపడానికి అక్క వాటిలో తన గొంతు రికార్డు చేసి పెట్టేదట. ఆ గొంతు ఇంకెక్కడా లేదంది. పనయ్యాక కంప్యూటర్‌ని తుక్కుకి ఇచ్చెయ్యమంది.

ఆవిడ వెళ్లాక వైరు వెతికి ఆన్ చేశాను. స్పీకర్ పనిచేస్తుందో లేదోనని ఒక ఫైలు నొక్కాను. రెండు మాటలు వినబడగానే ఫోన్ మోగింది. ఆపేశాను.

జూన్ 5
డిస్కు ఊడదీసి, మా కొత్త మ్యాక్‌కి తగిలించి, అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. విండోస్‌లో చూస్తే ప్రతి ఫైలుకీ తోకలా ఇంకోటి, పేరుకి ముందు చుక్కతో. మ్యాక్ ఎప్పుడూ వదిలే చెత్తే. అన్నీ డిలీట్. డిస్కు మీద సున్నాలు రాసి తుడిచేశాను. కస్టమర్ చూసి సరే అన్నాకే తుడవాలని మా షాపు రూలు. పెట్టిందీ నేనే.

జూన్ 6, ఉదయం 11
సౌండ్ ఫైళ్లు పదకొండూ సున్నా కేబీ. ఖాళీ.

జూన్ 6, సాయంత్రం
ఆ కాలం మ్యాక్‌లో ఒక్కో ఫైలుకి రెండు భాగాలు. సౌండంతా రెండో భాగంలోనే ఉంటుంది. ఆ రెండో భాగమే నేను చెత్తనుకున్న చుక్క ఫైలు. ఇదేదో కొత్తగా తెలిసిన సంగతి కాదు. పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. పొగరు, అంతే. పెన్‌డ్రైవ్‌లో అప్పటికే ఇంకొకరి వీడియోలు ఎక్కించేశాను. మూడు రికవరీ సాఫ్ట్‌వేర్లు తిప్పినా ఒక్క ముక్క రాలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని.

జూన్ 7
అబద్ధం చెప్పాను. డిస్కు నా దగ్గరికి వచ్చేటప్పటికే పాడైందన్నాను.

తప్పు తనదేనందావిడ. కంప్యూటర్ని బీరువా వెనక చెమ్మగోడకి ఆనించి పెట్టిందట. అక్కడొద్దని వాళ్లన్నయ్య నెత్తీనోరూ కొట్టుకున్నా వినలేదట. నన్ను పల్లెత్తు మాట అనలేదు. పైగా నా చొక్కా కాలర్ చిరిగిందని, తెచ్చిస్తే తిప్పి కుడతానంది.

జూన్ 9
అన్నం సయించడం లేదు.

జూన్ 12
తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. కుట్టు షాపు ముందునుంచి వెళ్లాల్సొస్తుందని పక్క వీధి చుట్టి ఇంటికొస్తున్నాను. మా ఆవిడకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. పొరపాటు ఎవరైనా చేస్తారు, దాన్ని తీసుకెళ్లి ఆవిడ నెత్తిన పెట్టావేం అంది. అని, వంటింట్లోకి వెళ్లిపోయింది.

జూన్ 13
వెళ్లాను. చెమ్మ కాదు, నేనే తుడిచేశానన్నాను. చుక్క ఫైళ్ల సంగతీ చెప్పాను. ఆవిడ కుట్టుమిషన్ తొక్కడం ఆపలేదు. జాకెట్టు చెయ్యి చివరిదాకా కుట్టి, దారం కొరికి, అప్పుడు తలెత్తింది.

"మీరు విన్నారా?"

ఒకటే, అదీ సగమే అన్నాను.

"ఏమంది?"

చెప్పకుండానే లేచి వచ్చేశాను. ఛీ.

జూన్ 14, ఉదయం 7
షట్టర్ ఎత్తేసరికి ఆవిడ ఎదురుగా నిలబడి ఉంది. చెప్పాను.

"లేవవే మొద్దూ, బారెడు పొద్దెక్కింది."

మళ్లీ అనమంది. అన్నాను. మూడోసారి ఆపి, అక్క 'మొద్దూ'ని ఇంకా సాగదీసేదని దిద్దింది. సాగదీశాను. రేపూ ఇదే టైముకి వస్తానంది.