దర్గాకు వెళ్లే ఉప్పు

నౌపడ, 1968 ఫిబ్రవరి 11, ఆదివారం

ఏటా మా మడుల్లో పండిన కొత్త ఉప్పు తొలి దోసెడు అమ్మవారికి, మలి దోసెడు దర్గాకు పంపుతాం. ఈసారి దర్గాకు పంపొద్దని తమ్ముడు శంకరం అడ్డం తిరిగాడు. "మన దేవుడొక్కడే నిజం, తక్కినవన్నీ అబద్ధం," అన్నాడు. నీళ్లలో ఉప్పులా దేవుడు అన్నిటా కరిగి ఉన్నాడని రోజూ వేదాంతం చదివే నేను కిక్కురుమనలేదు.

ఉప్పు పోగుచేస్తున్న ముసలి అప్పలమ్మ మాత్రం పని ఆపి, కుప్ప చూపించింది. "ఇందులో మీ దేవుడి ఉప్పేదో ఏరి సూపించు బాబూ. మిగతాది పారబోసేస్తాను," అంది. శంకరం కాసేపు కుప్ప వంక చూసి వెళ్లిపోయాడు. దర్గాకు ఆమే పట్టుకెళ్లింది.

అక్షరమ్ముక్క రాని మనిషికి ఈ మాట ఎక్కడ దొరికిందో! ఇందాక పుస్తకం తీసి చూశాను. నేను గీత గీసుకున్న చోటే ఉంది. పొద్దున నా నోటికెందుకు రాలేదో...