ఒకటో నంబరు పన్ను

మాట వినని మామయ్యకి,

నీ ఉత్తరం అందింది. వాపు తగ్గిందనీ, అత్తయ్య కులాసా అనీ రెండు ముక్కలు గీకి పడేశావు. మిగతా కాగితమంతా బ్యాండు మేస్టరు కుట్టించిన కొత్త యూనిఫారం గురించే. అది నీకు పొట్ట దగ్గర బిగుతైతే నాకేమిటి? నేనడిగింది పన్ను సంగతి. పైవరసలో ముందుపన్ను, ట్రంపెట్ మూతి సరిగ్గా వచ్చి ఆనే పన్ను. అది కదులుతోందా? కొరికితే నొప్పిగా ఉందా? చిగురు మీద చీముపొక్కు మళ్లీ లేచిందా? వీటిల్లో ఒక్కదానికీ జవాబు రాయలేదు.

చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా, పద్నాలుగు రోజులు ట్రంపెట్ ముట్టుకోవద్దని. అత్తయ్య దాన్ని బీరువాలో పెట్టి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటానని నాకు మాట కూడా ఇచ్చింది. నువ్వేమో తొమ్మిదో రోజున మేస్టరు ట్రంపెట్ అడిగి తీసుకుని, ఎవరి పెళ్లిలోనో మూడు గంటలు ఊదానని తాపీగా రాశావు. అదీ ఎప్పుడు? రెండు నెలలు గడిచి, పన్ను వాచాక. వాచదా మరి? నాకెంత కోపం వచ్చిందంటే, కొత్త పద్ధతిలో చేసినవాళ్ల రిజిస్టరు తీసి నీ వరస మీద ఎర్రసిరాతో గీత కొట్టి, పక్కన "సూచనలు పాటించలేదు" అని రాసేశాను. ఒకటో నంబరు పేషెంటువి నువ్వే, మొట్టమొదట కొట్టేసిందీ నిన్నే. నువ్విక నా లెక్కలో లేవు.

ఆ లెక్కేమిటో ఎన్నిసార్లు చెప్పినా "పళ్లు కడగడానికి కూడా పరీక్షలా?" అని నవ్వుతావు. ఆఖరిసారి చెబుతున్నాను, విను. పీకేసిన పళ్లు అరవై పోగుచేశాను. పైభాగం కోసేసి వేరు మాత్రమే ఉంచాను. ప్రతి వేరులోనూ వెంట్రుకలాంటి సన్నని కాలువ ఉంటుంది. అందులో ఒక మొండి రకం బ్యాక్టీరియాని ఇరవయ్యొక్క రోజులు పెంచాను, పూటపూటా చూసుకుంటూ. తర్వాత మూడు రకాలుగా కడిగాను. ఇరవై పళ్లలోకి సూదితో బ్లీచు నీళ్లు పంపాను, అంతే. ఇంకో ఇరవైలో అవే నీళ్లు పోసి, లోపల సన్నని తీగ పెట్టి, చెవికి వినపడనంత వేగంగా కంపింపజేశాను. మిగతా ఇరవైలో అవే నీళ్లు పోసి లేజరు కాంతి వేశాను. కడిగాక లోపలి తడిని కాగితపు పుల్లతో అద్ది గాజుపళ్లెంలో రాసి వెచ్చగా ఉంచితే, చావకుండా మిగిలిన బ్యాక్టీరియా రెండు రోజుల్లో చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. సూదితో కడిగినవాటిలో పదమూడింటికి మొలిచాయి. లేజరులో తొమ్మిదింటికి. కంపనంలో ఒక్కదానికీ మొలవలేదు మామయ్యా. ఇరవై గాజుపళ్లేలూ అద్దాల్లా ఉన్నాయి.

అవి చూసే, మా ల్యాబు నడిపే మేడం కింది అంతస్తు ఆస్పత్రిలో పద్ధతి మార్పించింది. ఇదివరకు చీముపట్టిన పంటిలో మందు పెట్టి, వారం ఆగి, మళ్లీ కడిగి, అప్పుడు మూసేవాళ్లం. ఇప్పుడు కంపనంతో కడిగి అదే పూట మూసేస్తున్నాం. అలా మూసిన మొదటి పన్ను నీదే. నీ తర్వాత పదకొండు మందికి చేశాం, ఒక్కరికీ తిరగబెట్టలేదు. మా వ్యాసం పత్రికవాళ్లు వేసుకుంటామన్నారు. కాబట్టి తప్పు నా కడగడంలో లేదు, నీ ఊదడంలో ఉంది. అత్తయ్యని కూడా అడిగానని చెప్పు, ఇంత జరుగుతుంటే ఆవిడేం చేస్తోందని.

కోపంతో,
నీ కందిరీగ

*

మామయ్యకి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చింపేశాను. ఈసారి చింపను. తప్పు నా కడగడంలోనే ఉంది.

ఎలాగంటే, బ్లీచు నీళ్లు పంటిలో ఉన్నంతసేపే చంపి ఊరుకోవు. కాగితపు పుల్లకి అంటుకుని గాజుపళ్లెంలోకి వచ్చాయంటే అక్కడ కూడా చంపుతాయి. అప్పుడు పంటిలో ఎంత మిగిలి ఉన్నా పళ్లెంలో మొలవదు. అందుకని, అద్దే ముందు ప్రతి పంటిలోనూ బ్లీచుకి విరుగుడు వేయాలి. ఇది మాకు మొదటి పాఠం. నేనే మా జూనియర్లకి చెబుతుంటాను.

పోయిన నెల కొత్తగా విరుగుడు కలిపి, మందులు కలిపిన లెక్క రాసే పుస్తకంలో తేదీ రాస్తూ పై వరసలు చూశాను. మొదటిసారి కలిపింది సూదిపళ్లతోనే అయిపోయింది. రెండోసారి కలిపింది లేజరు రోజున. మధ్యలో కంపనం రోజున ఏం వేశాను? కూర్చుని ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. ఖాళీ అయిన సీసాని కడిగి, నీళ్లు నింపి నానబెట్టింది నేనే. దాని మీది చీటీ తీయనిదీ నేనే. మర్నాడు పొద్దున వచ్చి ఆ సీసానే అందుకుని ఇరవై పళ్లలోనూ వేసిందీ నేనే. ఉత్త నీళ్లు మామయ్యా. అవి అద్దాల్లా ఉన్నాయని నేను మురిసిపోయాను, నీకు కూడా గొప్పలు రాశాను.

అయినా నమ్మబుద్ధి కాలేదు. పది పళ్లు తీసుకుని మళ్లీ మొదటినుంచీ చేశాను. బ్యాక్టీరియా పెరగడానికి ఇరవయ్యొక్క రోజులు ఆగాలి కదా, అన్ని రోజులూ ఎవరికీ చెప్పకుండా తేలు కుట్టిన దొంగలా తిరిగాను. ఈసారి విరుగుడు వేసి చూస్తే పదింట్లో ఆరింటికి మొలిచాయి. సూదికీ దానికీ ఏమీ తేడా లేదు. అసలు ఏ పద్ధతీ కాలువని పూర్తిగా ఖాళీ చేయడం లేదు. ఏదో మూల ఇంత మిగులుతూనే ఉంది. అలా మిగిలినదాన్ని చంపడానికే ఆ వారం రోజుల మందు. దాన్నే మేం తీసేశాం.

వెళ్లి మేడానికి చెప్పాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. తిట్టలేదు, అరవలేదు. పుస్తకం రెండుసార్లు చూసి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి అంది, "పళ్లెంలో మొలవడం వేరమ్మా, నోట్లో తిరగబెట్టడం వేరు. రిజిస్టరులో మొదటి పదకొండు మందిలో పదకొండు మందీ బాగున్నారు. తిరగబెట్టిన పన్ను ఒక్కటంటే ఒక్కటి చూపించు, రేపే ఆపించేస్తాను."

నేనేం చూపించను? తిరగబెట్టిన పన్ను నీదొక్కటే. దాన్ని నా చేత్తో నేనే కొట్టేశాను. తొమ్మిదో రోజున ఊదినవాడి పన్ను సాక్ష్యానికి పనికిరాదు. బయటికి వచ్చేశాను.

కింద కుర్చీలు మాత్రం ఖాళీగా ఉండటం లేదు. వారానికి నలుగురైదుగురు వస్తున్నారు. నిన్న ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. చేస్తున్నది నేనే, తప్పని తెలిసి చేస్తున్నదీ నేనే. మందు పెట్టి వారం ఆగుదామంటే, పక్క కుర్చీలో పెద్ద డాక్టరు "పద్ధతి మార్చాం కదా" అని గుర్తుచేశాడు. డ్రైవరు లేచి అద్దంలో చూసుకుని, ఒక్క పూటలో అయిపోయింది, సెలవు కలిసొచ్చిందని దండం పెట్టి వెళ్లాడు. ఏం చేయాలో తోచడం లేదు మామయ్యా. చేయగలిగింది ఏమీ కనిపించడం లేదు.

ఇంకొక సిగ్గుమాలిన మాట. ఇంత తెలిశాక కూడా నేను కాస్త తింటున్నాను, నిద్రపోతున్నానంటే అది నీ తొమ్మిదో రోజు పుణ్యమే. నీ పన్ను చెడటంలో సగం తప్పు నీది అనుకుంటే గానీ నాకు ముద్ద దిగడం లేదు. ఆ సగం నా నుంచి తీసేయకు.

వెంటనే బయల్దేరి రా. పన్ను తెరిచి, మందు పెట్టి, ఈసారి వారం కాదు, రెండు వారాలు ఆగి చేస్తాను. ఎలాగైనా నిలబెడతాను.

నీ కందిరీగ

*

కందిరీగమ్మకి,

నీ ఉత్తరం మీ అత్తయ్య పైకి చదివింది. సగంలో ఆవిడ కాగితం నా చేతికిచ్చేస్తే మిగతాది నేను చదువుకున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు కదా. ఇన్నాళ్లుగా రెండు నానబెట్టాను. ఇవాళ రెండూ చెప్పేస్తాను, కూర్చుని చదువు.

మొదటిది. నేను రానక్కర్లేదు, ఎందుకంటే పన్ను లేదు. వాపు తగ్గిందని రాశానే, పన్ను పీకించుకున్నాకే తగ్గింది. ఇక్కడి డాక్టరు పెట్టుడుపన్ను పెట్టాడు. మాట్లాడితే ఎవరూ పోల్చలేరు. ట్రంపెట్ ఆనించి ఊదితే మాత్రం గాలి పక్కకి జారి పై స్వరం చీలిపోతోంది. నెలన్నర సాధన చేశాను, పక్కింటివాళ్లు పాపం ఓర్చుకున్నారు. మేస్టరు పొమ్మనలేదు, పెద్దడ్రమ్ము ఇచ్చాడు. ఆ యూనిఫారం పొట్ట దగ్గర బిగుతని రాసింది కూడా డ్రమ్ము పట్టీ వల్లే. ముప్పై ఏళ్లు ముందువరసలో నడిచినవాణ్ణి, ఇప్పుడు అందరి వీపులూ చూస్తూ నడుస్తున్నాను. బాధ లేదని రాస్తే అది మూడో అబద్ధం అవుతుంది.

రెండోది. తొమ్మిదో రోజున నేను ఊదలేదు. ఏ పెళ్లీ లేదు, మేస్టరు ట్రంపెట్టూ లేదు. మీ అత్తయ్య బీరువా తీసింది పదహారో రోజున. నువ్వు పద్నాలుగు అంటే ఆవిడ ఇంకో రెండు కలిపింది. పన్ను వాచిన రోజున నాకు ముందు నువ్వే గుర్తొచ్చావు. కొత్త పద్ధతిలో నువ్వు చేసిన మొదటి పన్ను, అదీ మామయ్య పన్ను, చెడిందంటే ఇంకెవరి నోట్లో చెయ్యి పెట్టినా నీకు వణుకు పుడుతుందనుకున్నాను. తిట్లు నాకే పడనీ అని ఆ పెళ్లి కథ అల్లాను. డాక్టరుతో అబద్ధమాడకూడదని మీ అత్తయ్య అప్పుడే అంది. డాక్టరుతో కాదు, మేనకోడలితో ఆడుతున్నానన్నాను. ఆ అబద్ధం అంత దూరం వెళ్లి, మీ రిజిస్టరులో కూర్చుంటుందని నాకేం తెలుసు?

నువ్వడిగిన సగం నీకే ఉంచేద్దామని నాలుగు రోజులు ఈ ఉత్తరం రాయకుండా గింజుకున్నాను. ఇవ్వడానికి నా దగ్గర సగం లేదమ్మా. ఉందని చెబుతూ ఇంకా బతకొచ్చు. కానీ ఆ బస్సు డ్రైవరు దండం పెట్టి వెళ్లాడన్నావు చూడు, అది మర్చిపోలేకపోయాను.

మీ మేడం ఒక్క పన్ను చూపించమంది కదా. ఎందుకో పారేయబుద్ధి కాక అగ్గిపెట్టెలో దాచాను. దూదిలో చుట్టి దీనితోపాటు పంపుతున్నాను. వేరులో చీము తిరగబెట్టి పీకానని ఇక్కడి డాక్టరు తేదీ వేసి ఇచ్చిన చీటీ కూడా అందులోనే ఉంది. దాని వెనక తాళంచెవి సంగతి రాసి అత్తయ్య సంతకం పెట్టింది. తీసుకెళ్లి మీ మేడం బల్ల మీద పెట్టు.

రిజిస్టరు తీసి ఆ ఎర్రగీత కొట్టేయ్. పక్కన రాసుకో, సూచనలన్నీ పాటించాడని.

ఒకటో నంబరు పేషెంటు,
నీ మామయ్య