ఓస్టర్‌మన్ కోసం బస్సు

మే నెల, ఆట ఓడిపోయిన మర్నాడు

పోర్ట్ కార్లిన్ టగ్‌బోట్స్ బేస్‌బాల్ క్లబ్బు ఆఫీసులో ఉత్తరాలు చదివే మహానుభావుడికి,

నా పేరు బెర్నిస్ వోయ్‌టోవిచ్. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాను. కుడి గ్యాలరీ ముందు వరుసలో ఏటా డబ్బు కట్టే రెండు సీట్లు మావి. ఒకటి నాది, ఒకటి మా ఆయన స్టాన్‌ది. ఆయన పోయినా ఆ సీటు ఎవరికీ ఇవ్వలేదు. దాని మీద నా కోటు పరుస్తాను.

నా అనుమానం సూటిగానే చెబుతాను. వేడ్ ఓస్టర్‌మన్ గ్యాలటిన్ మ్యూల్స్ జట్టులో ఉన్నన్నాళ్లూ మన మైదానానికొచ్చి మనల్ని చితక్కొట్టి పోయాడు. వాడి ఒప్పందం తీరిపోయి, ఏ జట్టులోకైనా పోయే స్వేచ్ఛ రాగానే మీరు ఎగబడి ఆరేళ్లకి రాయించుకున్నారు. తీరా చూస్తే వాడి బ్యాటుకి గాలి తప్ప ఏమీ తగలడం లేదు. మ్యూల్స్ వాళ్లే వాణ్ణి కావాలని మన కొంప మీదికి తోలారు. రాసిపెట్టుకోండి.

వాడు మ్యూల్స్‌లో ఉన్నప్పుడు, బ్యాటు పట్టిన ప్రతిసారీ నేను లేచి నిలబడి, "ఒరేయ్ ఓస్టర్‌మన్! ఆ కర్ర కింద పడేసి నా బస్సెక్కు, మీ అమ్మ దగ్గర దింపుతా!" అని అరిచేదాన్ని. పిల్లల గోలలో బస్సు నడిపిన గొంతు నాది, మైదానమంతా వినబడేది. ఇప్పుడు మనవాడయ్యాడు కాబట్టి నోరు కట్టేసుకున్నాను. మనవాళ్లని తిట్టనని స్టాన్‌కి ఒట్టేశాను మరి. వాడి కోసం జపమాల తిప్పుతూ కూర్చుంటున్నాను. దేవుడికి కూడా వాడి మీద ఏదో అనుమానం ఉన్నట్టే ఉంది.

సెప్టెంబరులోగా సంగతి తేల్చండి. లేకపోతే సీట్లు రెండూ వదిలేసుకుంటాను.

ఇట్లు,
కళ్లు తెరుచుకునే ఉన్న
బెర్నిస్ వోయ్‌టోవిచ్

తా.క. వాడు లోపల మ్యూల్స్ సాక్సు వేసుకుంటున్నాడేమో, ఎవరినైనా పంపి చూడండి.

*

జూన్

గౌరవనీయులైన శ్రీమతి వోయ్‌టోవిచ్ గారికి డెస్మండ్ ఫార్లో నమస్కరించి రాయునది,

ప్రేక్షకుల సేవా విభాగంలో ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి మీ ఉత్తరం నాకే వచ్చింది. ఓస్టర్‌మన్ గారిని మా పెద్దలు బాగా ఆలోచించే తీసుకున్నారండీ. బంతిని గ్యాలరీలోకి లేపి ఆయన కొట్టిన హోమ్ రన్లలో సగం మన మైదానంలో కొట్టినవే. ఏడాదంతా ఇక్కడే ఆడితే ఇంకెన్ని కొడతారోనని సంబరపడ్డారు. ఆయన కొట్టింది బంతి విసిరే మన పిచర్లనే అన్న సంగతి సంతకాలయ్యాక గుర్తొచ్చింది. ఈ వాక్యం మీరు చదవనట్టే ఉండండి.

కొత్త చోటు కదా, కుదురుకుంటారు. దయచేసి సీట్ల మాట ఎత్తకండి.

ఇట్లు,
మీ సేవలో
డెస్మండ్

తా.క. సాక్సు చూశాను. మనవే. నేను నేల మీద ఎందుకు పాకుతున్నానో ఆయన అడగలేదు, పాపం. మీ అభిమానానికి గుర్తుగా ఒక టోపీ పంపుతున్నాను.

*

జూలై

డెస్మండ్ ఫార్లోకి,

చదవనట్టు ఉండమంటావా? అంటే నువ్వూ వాళ్లలో ఒకడివేనా? మన పిచర్లని కొట్టేవాణ్ణి తెచ్చి మన జట్టులోనే పెట్టుకుంటే ఇక వాడెవర్ని కొడతాడయ్యా?

బైనాక్యులర్స్ కొన్నాను. ఇది చదివి ఎవరికీ చెప్పకు. బ్యాటు పట్టే ముందు వాడు ప్రతిసారీ మా కుడి గ్యాలరీ వైపు తిరుగుతున్నాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టి కాసేపు నిలబడుతున్నాడు. తర్వాత ఉస్సురని తల దించుకుని, మూడు బంతులకీ మూడుసార్లు గాలిని కొట్టి అవుటై పోతున్నాడు. అది సైగ కాక మరేమిటి? సరిగ్గా అప్పుడే నా వెనక ఒక బట్టతలాయన ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు!

వాడి సంగతి నాకు కొత్తా? మ్యూల్స్‌లో ఉండగా వాడు కొట్టిన బంతి ఒకటి నా ఒళ్లోనే పడింది. పరాయివాడి హోమ్ రన్ బంతిని మన ఊళ్లో ఎవరైనా ఇంటికి పట్టుకెళ్తారా? అందరూ చేసినట్టే మైదానంలోకి తిరిగి విసిరికొట్టాను. అప్పుడు కూడా వాడు నావైపే చూశాడు.

ఇట్లు,
నిన్ను కూడా కనిపెట్టి చూస్తున్న
బెర్నిస్

తా.క. టోపీ లోపల "గ్యాలటిన్‌లో తయారైనది" అని ఉంది. మా కుక్కకి పెడితే అది కూడా విదిలించేసింది.

*

ఆగస్టు

శ్రీమతి వోయ్‌టోవిచ్ గారికి,

టోపీ విషయంలో సిగ్గుపడుతున్నాను. ఇక నుంచి లోపల చూశాకే పంపుతాను.

బట్టతలాయన పళ్ల డాక్టరండీ. మా కాపలావాళ్లు ఫ్లాస్కు విప్పి చూస్తే క్యాబేజీ సూపు ఉంది. ఆయన మా మీద ఫిర్యాదు రాశారు. అది కూడా నాకే వచ్చింది.

చెవి దగ్గర చెయ్యెందుకని కోచ్ చేత అడిగించాను. ఓస్టర్‌మన్ గారు ఎర్రబడిపోయి, "అది నా సొంత విషయం" అన్నారట. మీతో చెప్పకూడదు గానీ, నాక్కూడా అనుమానం మొదలైంది.

ఇట్లు,
నిద్ర సరిగా పట్టని
డెస్మండ్

తా.క. నిన్న ఆయన వెనకే నక్కి నక్కి కార్ల దాకా వెళ్లాను. ఆయన వెనక్కి తిరిగి, "ఇంటి దగ్గర దింపనా?" అన్నారు. ఇందులో ఏమైనా మర్మం ఉందంటారా?

*

సెప్టెంబరు, ఆఖరి ఆట మర్నాడు

డెస్మండ్ బాబూ,

ఇక నీతో దాపరికం ఎందుకు? నిన్న నేను చేసిన పని ఊరంతా చూసింది.

ఆట మ్యూల్స్‌తో. ఆఖరి వంతు, మనం ఒక్క పరుగు వెనక, పరుగు తియ్యడానికి మనవాడొకడు బేస్ మీదున్నాడు. ఓస్టర్‌మన్ వచ్చాడు. మళ్లీ మావైపు తిరిగి చెవి దగ్గర చెయ్యి! నాకు ఒళ్లు మండిపోయింది. జపమాల చేతిలోంచి జారిపోయింది. లేచి నిలబడి, "ఒరేయ్ ఓస్టర్‌మన్! నా బస్సెక్కరా, మీ అమ్మ దగ్గర దింపుతా!" అని అరిచేశాను. వాడు ఉలిక్కిపడి నవ్వాడు. ఆ తర్వాతి బంతిని లేపి కొడితే వచ్చి స్టాన్ సీటు మీద, నా కోటులో పడింది.

రెండు పరుగులొచ్చి గెలిచాం. అందరూ గంతులేస్తున్నారు. నేనేం చేశానో తెలుసా? వాడు కొట్టిన బంతి కదా, అలవాటుగా తీసి మైదానంలోకి విసిరికొట్టాను! మన జట్టు బంతిని! గ్యాలరీ అంతా నోళ్లు తెరిచి నన్నే చూసింది. పళ్ల డాక్టరైతే, "నువ్వు మ్యూల్స్ మనిషివా?" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. స్టాన్‌కి వేసిన ఒట్టు తప్పాను. ఆ సీటు పక్కన కూర్చోవడానికి నాకిక మొహం చెల్లదు. సీట్లు వదులుకుంటున్నట్టు సంతకం చేసిన కాగితం ఇందులో పెట్టాను. తీసుకో.

ఇట్లు,
బెర్నిస్

తా.క. తిట్టగానే కొట్టాడంటే ఇన్నాళ్లూ కావాలనే కొట్టలేదన్నమాట. నేను చెప్పలా?

*

అక్టోబరు

బెర్నిస్ గారూ,

మీ కాగితం తిప్పి పంపుతున్నాను. మడత కూడా విప్పలేదు.

ఆట అయిన మర్నాడు ఓస్టర్‌మన్ గారు బంతి పట్టుకుని నా గదికొచ్చారు. "ఇది విసిరిందెవరు?" అన్నారు. గొడవకే వచ్చారనుకుని బల్ల వెనక్కి జరిగాను. ఆయన కుర్చీలో కూలబడి, "ఇన్నాళ్లూ ఆ గొంతు వినబడకపోతే ఆవిడ చచ్చిపోయిందనుకున్నానయ్యా" అన్నారు.

గ్యాలటిన్‌లో అందరూ మర్యాదస్తులట. ఇక్కడికొచ్చినప్పుడు మాత్రం ఆ గొంతు వినగానే రోషం పొడుచుకొచ్చేదట. స్వేచ్ఛ దొరకగానే ఎన్ని ఊళ్లు పిలిచినా, అక్కడైతే రోజూ వినొచ్చని మన ఊరే వచ్చారట. తీరా వస్తే మీరు నోరెత్తలేదు. "నన్నెవరైనా తిట్టండి అని ఎలా అడిగేది? సిగ్గేయదూ?" అన్నారు. చెవి దగ్గర చెయ్యి అందుకేనండీ.

మీ ఒట్టు సంగతి చెప్పాను. బంతి మీద ఏదో రాసి మీకిమ్మన్నారు. ఇందులో పెట్టాను. ఈసారి మాత్రం విసరకండి.

ఇట్లు,
ఇక ఎవరినీ అనుమానించని
డెస్మండ్

తా.క. గుండ్రంగా తిప్పుకుంటూ చదవాలి, కాబట్టి మీ కళ్లకి శ్రమ లేకుండా ఇక్కడా రాస్తున్నాను: "అమ్మగారూ, స్టాన్ గారికి చెప్పండి, తిట్టకపోతేనే నేను పరాయివాణ్ణవుతున్నానని. ఏప్రిల్లో మళ్లీ ఆటలు మొదలవగానే స్టాపులో నిలబడి ఉంటాను. బస్సు తప్పకుండా తీసుకురండి. మా అమ్మకి చెప్పాను, నన్ను దింపితే మీకు భోజనం కూడా పెడుతుందట."